మీ గోడ మీద ఎవరో రాసిపోయారా? ఫొటో నుంచి పెయింట్ దాకా చేయాల్సిన పనులు

రంగులు వేయించి నెల తిరక్కముందే కాంపౌండ్ వాల్ మీద ‘సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్’ అని నల్లటి అక్షరాలు, కింద పది అంకెల ఫోన్ నంబరు. పక్కనే పైల్స్ ఆపరేషన్ లేకుండా నయం చేస్తామనే పోస్టరు. దాని మీద సగం కప్పేస్తూ ఎవరో నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు. హైదరాబాద్‌లో గానీ, విజయవాడలో గానీ, ఓ మోస్తరు మున్సిపాలిటీలో గానీ రోడ్డు వైపు గోడ ఉన్నవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. చాలామంది తిట్టుకుని వదిలేస్తారు. కొందరు ఆ కోపంలో వెంటనే బకెట్ తెచ్చి కడిగేస్తారు. రెండూ పొరపాటే.

చట్టం గోడ యజమాని వైపే ఉంది. కానీ మామూలు రోజుల్లో కార్పొరేషన్ మనుషులు వచ్చి మీ ప్రైవేటు గోడ తుడిచి వెళ్తారని మాత్రం ఎదురుచూడకండి. రాసినవాడి మీద చర్య తీసుకోవడం వాళ్ల పని, గోడ బాగుచేసుకోవడం మన పని. తుడిచేస్తే ఆధారం పోతుంది, తుడవకపోతే వారంలో దాని పక్కన ఇంకో నాలుగు పోస్టర్లు చేరతాయి. కాబట్టి ఆధారాలు తీసుకుని, ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చేసి, ఆ వెంటనే తుడిచేయాలి. ఎలాగో వరసగా చెబుతాను. ఎక్కువ భాగం హైదరాబాద్ సంగతులే, ఆంధ్రప్రదేశ్‌లో తేడా ఉన్న చోట ఆ మాట కూడా రాశాను.

1. ముందు అది ఏ రకం రాతో తేల్చుకోండి

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది దీన్ని బట్టే ఉంటుంది. గోడ మీద కనిపించేవి దాదాపుగా ఇవే: వ్యాపార ప్రకటనలు, రాజకీయ రాతలు, సినిమా పోస్టర్లు, కుర్రాళ్లు స్ప్రే డబ్బాతో రాసిన పేర్లూ బొమ్మలూ, చివరగా బెదిరింపు రాతలు లేదా కులాన్నో మతాన్నో తిట్టే రాతలు. ఈ చివరి రకం సంగతి పూర్తిగా వేరు. అది కనిపిస్తే మిగతా మెట్లన్నీ వదిలేసి నేరుగా 6వ మెట్టుకి వెళ్లండి.

ఇంకో రకం ఉంది, బొగ్గుతో గీసిన మూడు నిలువు గీతలు. అవి వీధి పిల్లల క్రికెట్ వికెట్లు. దాని కోసం కార్పొరేషన్ సర్కిల్ ఆఫీసుకు వెళితే నవ్వుతారు. తడిబట్టతో పోతుంది, ఎండాకాలం సెలవుల్లో మళ్లీ వస్తుంది, సర్దుకుపోవడమే.

ఎన్నికల ముందు కనిపించే ఒకదాన్ని మాత్రం జాగ్రత్తగా చూడాలి. గోడ మీద అక్షరాలేమీ ఉండవు. తెల్లటి సున్నంతో ఓ పెద్ద దీర్ఘచతురస్రం, ఏదో ఒక మూల పార్టీ పేరులోని పొడి అక్షరాలు, ‘రిజర్వ్‌డ్’ అనే మాట. ఆ గోడను తాము పట్టుకున్నామని మిగతా పార్టీల వాళ్లకి చెప్పడం అన్నమాట, మీకు కాదు. అది చూసి ‘సున్నమే కదా, పోనీలే’ అనుకోవద్దు. అడ్డుకోవడానికి అన్నిటికంటే తేలికైన సమయం అదే. రంగులతో గుర్తు, నాయకుడి ముఖం పడ్డాక తీయాలంటే ఖర్చూ పెరుగుతుంది, గొడవా పెరుగుతుంది.

2. తుడవకముందు ఫొటోలు

ఒక్క ఫొటో చాలదు. దూరం నుంచి ఒకటి తీయండి. అందులో మీ గేటు, ఇంటి నంబరు పలక, పక్కనున్న కరెంటు స్తంభం లాంటి గుర్తు ఏదైనా కనపడాలి. తర్వాత రాత మొత్తం వచ్చేలా ఇంకొకటి, ఫోన్ నంబరు, పేరు, ప్రింటింగ్ ప్రెస్ పేరు చదవగలిగేలా దగ్గర నుంచి మరొకటి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీస్తే తేదీ, చోటు వాటంతట అవే నమోదవుతాయి. వాట్సాప్‌లో పంపుకున్న ఫొటోలో ఆ వివరాలు పోతాయి కాబట్టి అసలు ఫైలు ఉంచుకోండి.

పోస్టరు అయితే కింది అంచు తప్పకుండా చూడండి. అక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో ప్రెస్ పేరు, ఊరు ఉంటాయి. ఎన్నికల పోస్టరు మీదైతే ప్రింటర్, పబ్లిషర్ పేర్లూ చిరునామాలూ ఉండి తీరాలి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని సెక్షన్ 127ఎ ఆ మాట చెబుతోంది. లేకుండా అచ్చువేస్తే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కాబట్టి పేరు లేని ఎన్నికల పోస్టరు దొరికితే మీ ఫిర్యాదు ఇంకా గట్టిపడుతుంది.

సీసీ కెమెరా ఉంటే ఫుటేజీ ఆ రోజే వేరే చోట దాచుకోండి. చాలా ఇళ్లలోని పెట్టెలు నిండిపోగానే పాత రికార్డు మీదే కొత్తది ఎక్కించేస్తాయి. పోస్టర్లు అంటించేవాళ్లు సాధారణంగా తెల్లవారుజామున, టూవీలర్ మీద, మైదా జిగురు బకెట్‌తో వస్తారు. బండి నంబరు దొరికిందంటే సగం పని అయినట్టే.

3. గోడ ఎవరిది, ఫిర్యాదు ఎవరు ఇవ్వాలి

సొంత ఇల్లయితే ఆలోచించక్కర్లేదు. అపార్ట్‌మెంట్ అయితే కాంపౌండ్ వాల్ అందరి ఉమ్మడి ఆస్తి, అసోసియేషన్ ప్రెసిడెంటో సెక్రటరీయో లెటర్‌హెడ్ మీద ఇస్తే బరువు ఉంటుంది. అద్దెకుంటే ఓనర్‌కి ఒక మెసేజ్ పెట్టి మీరే ఇవ్వొచ్చు. కానీ పెయింట్ ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లోంచి కోసేదాకా తెచ్చుకోవద్దు.

మీ గోడకి ఎదురుగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, ఫ్లైఓవర్ స్తంభం, పార్కు ప్రహరీ, స్కూలు గోడ మీవి కావు. వాటి మీద ఫిర్యాదు చేయొచ్చు గానీ మీరే రంగు పూయకూడదు, మంచి ఉద్దేశంతోనైనా సరే.

మీరు ఏ కార్పొరేషన్, ఏ సర్కిల్ కిందకు వస్తారో అనుమానముంటే ప్రాపర్టీ ట్యాక్స్ తాజా రసీదు చూడండి, అందులో ఉంటుంది. హైదరాబాద్ శివార్లలో సరిహద్దులు మారుతూ వచ్చాయి, పాత రసీదును నమ్ముకోవద్దు.

4. నంబరు ఉంటే ఒక ఫోన్ కొట్టండి

ఇది ఏ నిబంధనల్లోనూ ఉండదు, కానీ చిన్న వ్యాపారాల విషయంలో అన్నిటికంటే త్వరగా పనిచేసేది ఇదే. సెప్టిక్ ట్యాంక్ లారీ అతను, బోరు వేసేవాళ్లు, ట్యూషన్ సెంటర్ నడిపే సార్, వీళ్లెవరికీ జరిమానా సరదా కాదు. చాలాసార్లు రాయించింది ఏ గోడ మీదో వాళ్లకే తెలియదు, ఎవరో కుర్రాడికి డబ్బిచ్చి పంపేసి ఉంటారు. మాట మర్యాదగా ఉంటే చాలు:

“అన్నా, మీ నంబరు మా గోడ మీద రాశారు. ఫొటోలు తీసి పెట్టుకున్నా. ఆదివారం లోపు మీ మనిషిని పంపి తెల్ల రంగు కొట్టించండి. లేదంటే కార్పొరేషన్‌కి ఫిర్యాదు ఇస్తాను, మీ నంబరు మీదే చలానా వస్తుంది.”

ఇంతే. అరవక్కర్లేదు. చెప్పినట్టు వచ్చి రంగు కొట్టి వెళ్లేవాళ్లూ ఉంటారు, ఫోన్ కట్ చేసేవాళ్లూ ఉంటారు. కట్ చేసినవాళ్ల గురించే కింది మెట్లు. కాల్ చేసిన తేదీ రాసి పెట్టుకోండి.

రాజకీయ రాతల దగ్గర మాత్రం ఒంటరిగా ఫోన్ చేయొద్దని నా సలహా. బస్తీ లీడర్ పుట్టినరోజు పోస్టరు చింపితే మాట పడేది మీరే. అసోసియేషన్ తరఫున ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు కలిసి వెళ్లి “అన్నా, గోడకి పెయింటింగ్ పని పెట్టుకున్నాం, మీవాళ్లతో చెప్పి తీయించండి” అంటే చాలావరకు తీయించేస్తారు. మనుషులు ఎదురుగా నిలబడి అడిగితే కాదనడం ఏ నాయకుడికైనా కష్టమే.

5. కార్పొరేషన్‌కి ఫిర్యాదు

చట్టం ఏమంటుందో ముందు రెండు ముక్కల్లో. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో ఒక చట్టం చేశారు. పేరు చాంతాడంత ఉంటుంది: బహిరంగ ప్రదేశాలను వికారపరచడాన్ని నివారించే, అశ్లీల, అభ్యంతరకర పోస్టర్లను, ప్రకటనలను నిషేధించే చట్టం. ఆ ఏడాది 28వ నంబరు చట్టం అది. నలుగురికీ కనిపించే గోడలను పాడుచేయడం గురించి రెండు రాష్ట్రాల్లోనూ అధికారులు మొదట ఎత్తేది దీన్నే. దీనికి తోడు జీహెచ్‌ఎంసీ చట్టం, 1955లోని సెక్షన్ 421 ప్రకటనలకు సంబంధించినది. కమిషనర్ రాతపూర్వక అనుమతి లేకుండా భవనం మీద గానీ గోడ మీద గానీ ప్రకటన పెట్టకూడదు. మీ షాపు గోడ మీద మీ షాపు పేరు, మీ ఇంటి గోడ మీద ‘టు లెట్’ లాంటివి వేరే లెక్క.

ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటుంది. ఏ సిమెంటు కంపెనీ వాడో వచ్చి “గోడ మీద మా బొమ్మ వేసుకుంటాం, గోడకు రంగు ఫ్రీ” అంటే సంతోషంగా ఒప్పేసుకుంటారు. మీరు ఒప్పుకున్నంత మాత్రాన అది చట్టబద్ధం అయిపోదు, కార్పొరేషన్ అనుమతి కావాలి. రేపు నోటీసు వస్తే మీ సంతకం ఉన్న కాగితమే మీకు అడ్డం తిరుగుతుంది.

హైదరాబాద్‌లో 2024 సెప్టెంబర్‌లో అప్పటి జీహెచ్‌ఎంసీ కమిషనర్ ఆమ్రపాలి కాట గోడ పోస్టర్లు, గోడ రాతల మీద నిషేధం గట్టిగా అమలుచేయాలని ఉత్తర్వులిచ్చారు. సినిమా పోస్టర్లను కూడా అందులో చేర్చారు. సినిమా పోస్టరు మన ఊళ్ల గోడలకు ఎప్పటినుంచో ఉన్న హక్కులా అనిపిస్తుంది గానీ, అది కూడా నిషేధంలోదే. ఫిర్యాదులో ఈ ఉత్తర్వు మాట ఎత్తండి. నిబంధన తెలిసిన మనిషని అర్థమైతే అవతలివాళ్లు కాగితాన్ని పక్కన పడేయడానికి వెనకాడతారు.

ఫిర్యాదు ఎక్కడ అంటే, జీహెచ్‌ఎంసీ పరిధిలో 040-21111111 నంబరుకు ఫోన్ చేయొచ్చు, మై జీహెచ్‌ఎంసీ యాప్‌లో ఫొటోతో పెట్టొచ్చు. రెండింట్లోనూ ఫిర్యాదు నంబరు వస్తుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. యాప్‌లో మీ సమస్యకి సరిగ్గా సరిపోయే విభాగం కనిపించకపోతే దగ్గరగా ఉన్నదాంట్లో వేసి, వివరాల దగ్గర అసలు సంగతి రాయండి. విభాగం కోసం వెతుకుతూ మధ్యలో మానేసేవాళ్లే ఎక్కువ.

పెద్ద విషయమైతే, అంటే గోడ పొడవునా రాసినా, మళ్లీ మళ్లీ అదే మనిషి రాస్తున్నా, సర్కిల్ ఆఫీసులో డిప్యూటీ కమిషనర్ పేరిట కాగితం ఇవ్వండి. సోమవారం ప్రజావాణిలో, అంటే అధికారులు జనం అర్జీలు నేరుగా తీసుకునే కార్యక్రమంలో ఇస్తే ఇంకా మంచిది. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. ముద్ర వేయనంటే వాదన పెట్టుకోవద్దు, పోస్టాఫీసుకు వెళ్లి స్పీడ్ పోస్టు చేయండి. ఆ రసీదు కూడా ముద్రంత పనిచేస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి దారి వార్డు సచివాలయం. అక్కడ ప్లానింగ్ సెక్రటరీని గానీ శానిటేషన్ సెక్రటరీని గానీ కలిసి ఫొటోలతో అర్జీ ఇవ్వండి. కదలిక లేకపోతే మున్సిపల్ కమిషనర్‌కి, లేదా సోమవారాల్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో. పల్లెల్లో అయితే రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీ కార్యదర్శి.

కాగితం ఎలా ఉండాలో చూడండి. పొడుగ్గా రాస్తే ఎవరూ చదవరు:

‘గౌరవనీయులైన డిప్యూటీ కమిషనర్ గారికి,

ఇంటి నంబరు ఫలానా, ఫలానా వీధిలోని మా ప్రహరీ గోడ మీద ఫలానా తేదీన మా అనుమతి లేకుండా ప్రకటన రాశారు. అందులో ఉన్న పేరు, ఫోన్ నంబరు ఇవి. గోడ మీద రాతలకు మేము ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. ఫలానా తేదీన ఫోన్ చేసి తీయమని అడిగినా తీయలేదు. 1997 నాటి 28వ నంబరు చట్టం, జీహెచ్‌ఎంసీ చట్టం సెక్షన్ 421 కింద బాధ్యులపై చర్య తీసుకుని, తీసుకున్న చర్యను మాకు తెలియజేయగలరు. ఫొటోలు మూడు జతచేశాను. గోడను ఫలానా తేదీన శుభ్రం చేయించుకుంటున్నాం.’

‘అనుమతి ఇవ్వలేదు’ అన్న వాక్యం మరిచిపోవద్దు. రేపు అవతలివాడు “ఓనర్‌ని అడిగే రాశాం” అంటే దానికి జవాబు ఈ కాగితమే. చివరి వాక్యం కూడా కావాలనే పెట్టాను. తనిఖీకి ఎవరైనా రావాలనుకుంటే ఆలోపు వస్తారు. రాకపోతే మీరు ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు.

నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ‘నా ఫలానా నంబరు ఫిర్యాదు మీద తీసుకున్న చర్య ఏమిటి, ఆ ఫైలు కాపీ ఇవ్వండి’ అన్న రెండు ప్రశ్నలు చాలు. ఫీజు పది రూపాయలు, మండల స్థాయి ఆఫీసులో ఐదు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చాలా ఫైళ్లు ఈ దరఖాస్తు చేరాకే కదులుతాయి.

6. పోలీసుల దగ్గరికి ఎప్పుడు

ప్రతి పోస్టరుకీ స్టేషన్‌కి వెళ్లొద్దు. ఆస్తికి నష్టం కలిగించడం భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 324 కిందకు వస్తుంది. 2024 జులై 1 ముందు ఐపీసీలో ఉన్న పాత సెక్షన్లకు బదులు వచ్చింది ఇదే. మామూలుగా ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నష్టం 20 వేల రూపాయలు దాటితే రెండేళ్ల దాకా, లక్ష దాటితే ఐదేళ్ల దాకా పెరుగుతుంది. అందుకే గ్రానైట్ క్లాడింగ్ చేయించిన ముఖద్వారం మీద స్ప్రే కొడితే బాగుచేయడానికి కొటేషన్ తెప్పించి ఫిర్యాదుకు జతచేయండి, ఏ భాగం కింద చూడాలో ఆ అంకెను బట్టే ఉంటుంది.

చిన్న నష్టం అయితే అది పోలీసులు తమంతట తాము కేసు కట్టి దర్యాప్తు చేసే రకం నేరం కాదు, మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. ఎస్సై గారు “ఎఫ్ఐఆర్ అవ్వదమ్మా” అంటే అది మీ మీద చిన్నచూపు కాకపోవచ్చు. రిజిస్టర్‌లో నమోదు చేసి ఆ కాపీ ఇవ్వమనండి. అదే మనిషి రేపు మళ్లీ రాస్తే ఆ కాగితం పనికొస్తుంది.

బెదిరింపు, మతాన్నో కులాన్నో కించపరిచే రాత, ఆడవాళ్ల పేర్లు పెట్టి రాసిన బూతు, ఇవి వేరు. ఇక్కడ కార్పొరేషన్, యాప్, సర్కిల్ ఆఫీసు ఏవీ వద్దు. 100కో 112కో ఫోన్ చేయండి. పోలీసులు వచ్చి చూసేదాకా తుడవకండి, నలుగురి కంటపడకుండా ఒక దుప్పటో ఫ్లెక్సీ గుడ్డో వేలాడదీయండి. ఆ ఫొటో గ్రూపుల్లో పెట్టొద్దు. గోడ మీద పది మంది చూసేది గ్రూపులో పదివేల మంది చూస్తారు, రాసినవాడికి కావాల్సిందే అది.

గోల్కొండలో, చార్మినార్‌లో పేర్లు చెక్కేవాళ్లకి ఇంకో చట్టం ఉంది. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పిల్లల్ని టూర్‌కి తీసుకెళ్లినప్పుడు చెప్పండి.

7. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు

గోడ యజమానికి అన్నిటికంటే బలం ఉండే రోజులు ఇవే. ఎన్నికల నియమావళిలోనే స్పష్టంగా ఉంది: ఎవరి స్థలం, భవనం, ప్రహరీ గోడనైనా వాళ్ల అనుమతి లేకుండా జెండాలకు, బ్యానర్లకు, పోస్టర్లకు, నినాదాలు రాయడానికి వాడకూడదు. స్థానిక చట్టం అసలే ఒప్పుకోని చోట మీరు అనుమతిచ్చినా చెల్లదు.

షెడ్యూలు ప్రకటించాక గడియారం మొదలవుతుంది. ప్రభుత్వ ఆస్తుల మీద ఉన్నవి 24 గంటల్లో, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు లాంటి బహిరంగ స్థలాల్లోవి 48 గంటల్లో, ప్రైవేటు ఆస్తుల మీద అనుమతి లేకుండా పెట్టిన రాజకీయ ప్రకటనలు 72 గంటల్లో తీసేయించాలి. ఎన్నాళ్లుగానో కదలని రాతలు ఆ మూడు రోజుల్లో సున్నం కింద మాయమవుతుంటాయి. కాబట్టి మీ గోడ సంగతి ఆ 72 గంటల్లోపే చెప్పండి.

ఫిర్యాదుకు ఎన్నికల సంఘం వాళ్ల సీ-విజిల్ యాప్ వాడండి. ఫొటో గానీ వీడియో గానీ ఆ యాప్‌లోంచే అప్పటికప్పుడు తీయాలి, గ్యాలరీలో పాతది పెట్టనివ్వదు. తీసిన ఐదు నిమిషాల్లో పంపేయాలి. పేరు చెప్పకుండా కూడా పంపొచ్చు. పక్కింటాయనే ఆ పార్టీ కార్యకర్త అయినప్పుడు ఇది ఎంత సుఖమో అనుభవం ఉన్నవాళ్లకి తెలుస్తుంది. ఫిర్యాదును 100 నిమిషాల్లో తేల్చాలన్నది ఎన్నికల సంఘం పెట్టుకున్న గడువు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. సీ-విజిల్ అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకే. మున్సిపల్, పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం నడిపేవి, అప్పుడు ఫిర్యాదు రిటర్నింగ్ అధికారికి కాగితం మీద ఇవ్వాలి.

8. ఇక తుడవండి, కానీ చూసి తుడవండి

పోస్టరు అంటించే జిగురు ఉడికించిన మైదా. పశువులూ పురుగులూ తినకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, గోడ మీద నీలంగా మరక మిగిలేది అందుకే. ఎండిన పోస్టరును చేత్తో పీకితే పెయింట్ పొరతో సహా ఊడొస్తుంది. వేడినీళ్లలో కాస్త బట్టల సబ్బు పొడి కలిపి, బ్రష్‌తో బాగా తడిపి, పావుగంట వదిలేయండి. తర్వాత పెయింటర్లు పుట్టీ పెట్టే రేకుతో కిందినుంచి పైకి మెల్లగా గీకితే అట్టలా లేచివస్తుంది. గోడకు మిగిలిన జిగురు కడిగేయాలి, లేకపోతే వానాకాలంలో బూజు పట్టేది సరిగ్గా అక్కడే. చేతులకు గ్లౌజులు వేసుకోండి, మైలుతుత్తం కళ్లలో పడితే మంట.

సున్నంతో రాసింది తడిబట్టతో సగం పోతుంది. పోకపోయినా దాని మీదే ఎమల్షన్ వేయించొద్దు, పొడిలాంటి పొర మీద పెయింట్ నిలవదు, ఆరు నెలల్లో పెచ్చులూడుతుంది. ముందు గీకించి, కడిగించి, ఆరనిచ్చాకే రంగు.

స్ప్రే పెయింట్ మొండిది. పెయింట్ వేసిన గోడ మీద థిన్నర్ రుద్దితే అక్షరాలు పోవు, నల్లటి మబ్బులా పరుచుకుని ఇంకా వికారమవుతుంది. రుద్దకుండా ఆయిల్ ప్రైమర్ ఒక కోటు వేయించి, అది పూర్తిగా ఆరాక గోడ రంగు రెండు కోట్లు వేయించండి. నేరుగా తెల్ల ఎమల్షన్ వేస్తే ఎరుపు, నీలం రంగులు కొన్నాళ్లకి కిందినుంచి మళ్లీ పైకి తేలతాయి. పెయింటర్ “ప్రైమర్ ఎందుకు సార్, మూడు కోట్లు కొడతా” అంటే ఒప్పుకోకండి.

గ్రానైట్ మీద అయితే థిన్నర్‌తో తుడిస్తే పోతుంది, వెంటనే సబ్బునీళ్లతో కడగాలి. తాండూరు, షాబాద్ రాళ్లు, పాలరాయి మాత్రం వేరు. వీటిలో ఉండేది సున్నపు పదార్థం. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ పోశారంటే మరకతో పాటు రాయి కూడా తిని మెరుపు పోతుంది, తర్వాత పాలిష్ పట్టించడం తప్ప దారి లేదు. ముందు ఎవరికీ కనపడని మూల కొంచెం వేసి చూడండి.

మిగిలిన పెయింట్ డబ్బా పారేయకండి. మూత బిగించి, మీద కంపెనీ పేరు, షేడ్ నంబరు, తేదీ రాసి పెట్టుకోండి. తర్వాత రాత పడితే గోడంతా వేయించక్కర్లేదు, ఆ ముక్క వరకు మీరే రోలర్‌తో కొట్టేయొచ్చు.

9. మళ్లీ రాయకుండా

‘పోస్టర్లు అంటించరాదు’ అని రాయించడం వల్ల ఉపయోగం తక్కువే, ఆ హెచ్చరిక మీదే పోస్టరు అంటించిన గోడలు మీరూ చూసే ఉంటారు. అయినా రాయించమనే చెబుతాను. మీరు అనుమతి ఇవ్వలేదనడానికి ఇరవై నాలుగు గంటలూ కనిపించే సాక్ష్యం అది. దేవుళ్ల టైల్స్ అతికించే పద్ధతీ ఉంది. మూత్రం పోసేవాళ్లని అది ఆపుతుందేమో గానీ పోస్టర్లను ఆపదు, దేవుడి టైలు వదిలి పక్కన అంటిస్తారు.

పనిచేసేది గోడ ఉపరితలం మార్చడం. గరుకు ప్లాస్టరు మీద జిగురు పోస్టరు సరిగా పట్టదు, అక్షరాలు కుదరవు. గోడకు పాకే తీగ పెంచితే ఖాళీయే దొరకదు, కాకపోతే కత్తిరిస్తూ ఉండాలి. ఒక లైటు, ఎదురుగా ఒక కెమెరా ఉన్నా చాలామంది పక్క గోడకు వెళ్లిపోతారు. నిజానికి పక్కింటివాళ్ల నెత్తిన వేసినట్టే అది, అందుకే వీధి మొత్తం కలిసి చేయిస్తే మంచిది.

బొమ్మలు వేయించడం నాకు అన్నిటికంటే నచ్చిన ఉపాయం. ఖైరతాబాద్ దగ్గర మక్తాలో 2016లో కళాకారులు ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద చిత్రాలు వేశారు, చూడ్డానికి జనం పనిగట్టుకుని వెళ్లారు. మంచి బొమ్మ ఉన్న గోడ మీద పోస్టరు అంటించడానికి చేయి ఆడదు. మీరు వేయిస్తే అందులో ఏ కంపెనీ పేరూ, ఫోన్ నంబరూ, కోచింగ్ సెంటర్ గుర్తూ లేకుండా చూసుకోండి. స్పాన్సర్ పేరు మూలన చిన్నగా పెట్టినా అది ప్రకటనే అవుతుంది, అనుమతి అడుగుతారు. అపార్ట్‌మెంట్ అయితే వేయించేముందు అసోసియేషన్ మీటింగులో తీర్మానం రాసి సంతకాలు తీసుకోండి, బొమ్మ పూర్తయ్యాక మూడో ఫ్లోర్ అంకుల్‌కి రంగు నచ్చలేదంటే ఆ కాగితం చూపించొచ్చు.